కొండ మీద నాకంటే చిన్నవాడు దొరకలేదు!



ఈ వారం వీడియోలో వినయం గురించీ, విశ్వాసం గురించీ మాట్లాడుకున్నాం కదా. వీడియోలో అన్నీ చెప్పడం కుదరలేదు. మిగిలినవి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్లు కూడా హాయిగా చదువుకోవచ్చు.

అసలు ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈ మధ్య ఒక తమ్ముడు నన్ను ఇలా అడిగాడు: “అన్నా, మూడేళ్లుగా రోజూ విష్ణు సహస్రనామం చదువుతున్నాను. శనివారం ఒంటిపూట ఉంటున్నాను. ఆఫీసులో ఎవరితోనూ గొడవ పెట్టుకోను. మొన్న మా దగ్గర ఉద్యోగాలు తీసేసినప్పుడు మొదటి లిస్టులోనే నా పేరు ఉంది. నా పక్క సీటువాడు దేవుడికి దండం కూడా పెట్టడు, వాడికి ప్రమోషన్ వచ్చింది. వినయంగా ఉండి బాగుపడిందీ లేదు, నమ్మి బాగుపడిందీ లేదు. ఇంక ఇదంతా ఎందుకు?”

“అంతా నీ కర్మ నాయనా” అని చెప్పి పంపించేయడం చాలా తేలిక. నేను అలా చెప్పదలుచుకోలేదు. కడుపులో బాధ ఉండి అడిగిన ప్రశ్న అది. అలా అడగడం తప్పు కూడా కాదు. భగవద్గీత నాలుగో అధ్యాయంలో, జ్ఞానం కావాలంటే పెద్దల దగ్గరికి ఎలా వెళ్లాలో చెబుతూ కృష్ణ పరమాత్మ మూడు మాటలు వాడాడు. ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. అంటే వంగి నమస్కరించడం, మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకోవడం, సేవ చేయడం. గమనించారా? నమస్కారానికీ సేవకీ మధ్యలో ప్రశ్నని కూర్చోబెట్టాడు స్వామి. వినయం ఉన్నవాడు ప్రశ్న అడగకూడదని ఎవరైనా చెబితే నమ్మకండి.

సరే, ఆ తమ్ముడి ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, వినయంగా ఉంటే లోకం తొక్కేయదా? రెండు, నమ్మినా కష్టం వస్తే ఇంక ఆ నమ్మకానికి అర్థమేంటి? ఈ రెండిటికీ జవాబు వెతుక్కోవడానికి మనందరికీ తెలిసిన చోటికే వెళ్దాం. తిరుమల కొండకి. సుమారు వెయ్యేళ్ల వెనక్కి.

తిరుమల నంబి చెప్పిన మాట

భగవద్రామానుజులు 1017లో శ్రీపెరుంబుదూరులో అవతరించారు. ముచ్చింతల్‌లో 216 అడుగుల విగ్రహం చూశారు కదా, ఆయనే. ఆయనకి స్వయానా మేనమామ తిరుమల నంబి. శ్రీశైలపూర్ణులు అని కూడా అంటారు. ఆ రోజుల్లో తిరుమల అంటే ఇప్పటిలా కాటేజీలు, లడ్డూ కౌంటర్లు ఉన్న ఊరు కాదు. దట్టమైన అడవి, చలి, క్రూరమృగాలు. అలాంటి చోట తిరుమల నంబి కాపురం ఉండి, స్వామి అభిషేకానికి రోజూ తీర్థం మోసుకొచ్చేవారు. ఇప్పుడు మనం బస్సెక్కి వెళ్లొచ్చే పాపవినాశనం నుంచి ఆయన కుండ భుజాన పెట్టుకుని నడిచి వచ్చేవారు.

రామానుజులు మొదటిసారి తిరుమల వస్తున్నప్పుడు జరిగిన విషయం గురుపరంపర కథల్లో ఉంది. అప్పటికే ఆయన శ్రీరంగంలో పెద్ద ఆచార్యులు, గొప్ప పేరున్నవారు. ఆయన కొండెక్కి వస్తున్నారని తెలిసి, స్వామి ప్రసాదం పట్టుకుని స్వాగతం చెప్పడానికి ఎవరు ఎదురొచ్చారు? వయసు మీదపడ్డ తిరుమల నంబి! రామానుజులకి మనసు చివుక్కుమంది. “ఇంత పెద్దవారు మీరు రావడమేంటి? ఎవరైనా చిన్నవాణ్ని పంపిస్తే సరిపోయేది కదా” అన్నారు.

అందుకు నంబి ఏమన్నారో తెలుసా? తాను కూడా అలాగే అనుకున్నారట. తిరుమల నాలుగు వీధులూ తిరిగి వెతికారట. తనకంటే చిన్నవాడు ఒక్కడూ కనిపించలేదట. అందుకే తానే వచ్చేశారట!

ఈ కథ విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే ఆ మాటలో ఏడుపు లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. “నేను దేనికీ పనికిరాను, నా బతుకింతే” అనేవాడు అలా మాట్లాడడు. అలా అనుకునేవాడు ఇంట్లోంచి బయటికే రాడు. నంబి ముసలితనంలో కొండ దారి దిగి, ఎదురొచ్చి, నవ్వుతూ ఆ మాట అన్నారు. తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. అదే రామానుజులు కొండ కింద ఒక సంవత్సరం పాటు ఆ నంబి దగ్గరే కూర్చుని శ్రీమద్రామాయణ రహస్యాలు నేర్చుకున్నారు. అంటే “నాకంటే చిన్నవాడు లేడు” అన్న మనిషి, రామానుజులంతటివారికి పాఠం చెప్పగల పండితుడు. తన విద్య ఎంతో ఆయనకి తెలుసు. పాఠం చెప్పమంటే “అబ్బే, నాకేం వచ్చండీ” అని మెలికలు తిరగలేదు. ఏడాది పాటు చెప్పారు.

కాబట్టి వినయం అంటే మనకి వచ్చింది రాదని చెప్పడం కాదు. వచ్చినదాన్ని నెత్తిన కిరీటంలా పెట్టుకోకుండా, చేతిలో పనిముట్టులా పట్టుకోవడం. కిరీటం పెట్టుకున్నవాడికి అది ఎక్కడ జారిపోతుందో అని మెడ బిగుసుకుపోతుంది. పనిముట్టు పట్టుకున్నవాడు పని చేసుకుపోతాడు, పనయ్యాక దాన్ని పక్కన పెట్టి హాయిగా నిద్రపోతాడు.

వినయం ఉన్నవాడు గోపురం ఎక్కాడు

“అన్నీ బాగానే ఉన్నాయి కానీ, ఇవాళ్టి ఆఫీసుల్లో ఇలా ఉంటే నెత్తినెక్కి తొక్కుతారు” అంటారు మీరు. నిజమే, ఆ భయం ఉంటుంది. దీనికి రామానుజుల జీవితంలోనే జవాబుంది.

తిరుక్కోష్టియూరు అని తమిళనాడులో ఒక క్షేత్రం. అక్కడ గోష్ఠీపూర్ణులు అనే మహానుభావుడు ఉండేవారు. ఆయన దగ్గర మంత్రార్థం నేర్చుకోవాలని రామానుజులు శ్రీరంగం నుంచి బయలుదేరారు. వెళ్తే ఆయన చెప్పలేదు, తిప్పి పంపించారు. మళ్లీ వెళ్లారు, మళ్లీ పంపించారు. ఇలా 18 సార్లు తిరిగారని పెద్దలు చెబుతారు. కారు లేదు, రైలు లేదు. నడకే. మనకి ఓటీపీ రెండుసార్లు ఫెయిలైతే ఫోన్ విసిరికొట్టాలనిపిస్తుంది!

ఈ కథ చెప్పేటప్పుడు ప్రవచనకారులు ఒక ముచ్చట చెబుతారు. తలుపు తడితే లోపల్నుంచి “ఎవరది?” అని అడిగేవారట. “నేను, రామానుజుణ్ని” అని చెప్పినంత కాలం తలుపు తెరుచుకోలేదు. “దాసుణ్ని” అన్న రోజున తెరుచుకుంది. ఆ “నేను” పోవడానికి పట్టిన నడక అది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తర్వాత భాగం. ఆ రహస్యార్థాన్ని ఎవరికీ చెప్పకూడదని గురువు కట్టడి చేశారు. రామానుజులు మర్నాడే ఆ ఊరి గుడి పైకెక్కి, మేలు కోరేవాళ్లందరికీ గొంతెత్తి చెప్పేశారు. గురువుకి కోపం వచ్చింది. మాట తప్పినవాడికి నరకం వస్తుంది, తెలుసా అని నిలదీశారు. తెలుసన్నారు రామానుజులు. ఇంతమంది తరించేటట్టయితే నేనొక్కణ్ని నరకానికి పోయినా ఫరవాలేదన్నారు. ఆ మాటకి గోష్ఠీపూర్ణులే కరిగిపోయి, ఆయన్ని గుండెలకి హత్తుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. 18 సార్లు తిరిగినవాడు పిరికివాడా? తన కోసమైతే 18 సార్లు తల వంచాడు. పదిమంది కోసమైతే గోపురమెక్కి గొంతెత్తాడు. ఈ రెండూ చేసింది ఒకే మనిషి. వినయానికి గుర్తు గొంతు చిన్నదిగా ఉండటం కాదు. ఆ గొంతు ఎవరి కోసం లేస్తోంది అన్నది గుర్తు.

దీన్ని మన రోజువారీ జీవితంలోకి తెచ్చుకుందాం. మీటింగ్‌లో మేనేజర్ ఒక తప్పు నిర్ణయం తీసుకుంటున్నాడు. దానివల్ల టీమ్ మొత్తం నెల రోజులు రాత్రిళ్లు పని చేయాలి. మీకు విషయం తెలుసు, కానీ నోరు మెదపరు. దీనికి మనం పెట్టుకునే అందమైన పేరు “నేను చాలా హంబుల్ అండీ”. కాదు! దాని పేరు భయం. మర్యాదగా, లెక్కలతో సహా “సార్, ఇది కుదరదు, ఎందుకంటే ఇదీ కారణం” అని చెప్పడం వినయానికి అడ్డు కాదు. చేసిన పనికి జీతం అడగడమూ అహంకారం కాదు. మరి అహంకారం ఎక్కడుంది? మనం చెప్పింది తప్పని తేలాక కూడా ఒప్పుకోలేకపోవడంలో ఉంది. పక్కవాడు చేసిన పనికి మన పేరు పెట్టుకోవడంలో ఉంది.

ఆ తమ్ముడికి నేను మొదట ఇదే చెప్పాను. నీ ఉద్యోగం పోయింది నీ వినయం వల్ల కాదు. కంపెనీలు ఖర్చులు చూసుకుంటాయి, ప్రాజెక్టులు చూసుకుంటాయి, కొన్నిసార్లు మంచి పనివాళ్లని కూడా తీసేస్తాయి. అది దేవుడు వేసిన శిక్షా కాదు, నీ గుణానికి పడ్డ మార్కులూ కాదు. కానీ “ఎవరితోనూ గొడవ పెట్టుకోను” అన్నావే, అందులో వినయం ఎంత, భయం ఎంత అన్నది నువ్వు ఒంటరిగా కూర్చుని చూసుకో. వినయం పాలు ఎంతున్నా దాన్ని జాగ్రత్తగా దాచుకో. భయం పాలు ఎంతున్నా దాన్ని వదిలేయ్.

ఎవరూ చూడనప్పుడు

వినయానికి అసలు పరీక్ష మనకి సన్మానం జరుగుతున్నప్పుడు కాదు. దండలు వేస్తుంటే తల వంచడం ఎవరికైనా వచ్చు, దండ పడాలంటే వంచాలి కదా! మనమెవరో తెలియని చోట, మన అర్హతకి తగని పని మీద పడినప్పుడు ఉంటుంది పరీక్ష.

రామానుజుల మేనల్లుడు దాశరథి గొప్ప విద్వాంసుడు. తమిళంలో ముదలియాండాన్ అంటారు. రామానుజులకి మంత్రోపదేశం చేసి, పంచసంస్కారాలు చేసిన గురువు మహాపూర్ణులు. ఆయన కూతురు అత్తుళాయి కొత్తగా అత్తారింటికి వెళ్లింది. ఆ ఇంట్లో పని ఎక్కువ, దూరం నుంచి నీళ్లు తేవాలి. తోడు ఎవరైనా రమ్మని అడిగితే, “కావాలంటే మీ పుట్టింటి నుంచి పనిమనిషిని తెచ్చుకో” అంది అత్తగారు. ఆ పిల్ల వచ్చి తండ్రికి చెప్పుకుంది. ఆయన రామానుజుల దగ్గరికి పంపించారు. రామానుజులు పక్కనే ఉన్న దాశరథిని చూపించి, ఇతన్ని తీసుకెళ్లమ్మా అన్నారు.

ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే పీహెచ్‌డీ చేసిన ప్రొఫెసర్‌ని ఎవరో కొత్త కోడలి ఇంటికి వంటపనికి పంపడం. దాశరథి ఒక్క మాట అనలేదు. వెళ్లి వంట చేశాడు, నీళ్లు మోశాడు. ఆ ఇంట్లోవాళ్లకి ఆయనెవరో తెలియదు. కొన్నాళ్లకి ఆ ఇంట్లో ఎవరో శాస్త్ర విషయం చెబుతూ ఒక అర్థం తప్పు చెప్పారు. దాశరథి ఊరుకోలేదు, అది అలా కాదని చెప్పాడు. వంటవాడికి ఇదెందుకు అన్నారు. అప్పుడు ఆయన సరైన అర్థం విడమరిచి చెబితే అందరూ నివ్వెరపోయారు. ఇతనెవరో తెలిసి, పరుగెత్తుకొచ్చి రామానుజులకి మొర పెట్టుకున్నారు. రామానుజులు దాశరథిని వెనక్కి పిలిపించుకుని, ఆయన అంతకాలం కోరుకున్న చరమశ్లోకార్థాన్ని ఉపదేశించారు.

వంట చేయమన్నప్పుడు చేశాడు, అర్థం తప్పైనప్పుడు దిద్దాడు. రెండు సందర్భాల్లోనూ మనిషి ఒకేలా ఉన్నాడు. ఇలా ఉండగలిగితే దాన్నే గీత పదమూడో అధ్యాయం “అమానిత్వం” అంటుంది. జ్ఞానానికి గుర్తులుగా స్వామి అక్కడ వరసగా ఎన్నో గుణాలు చెప్పాడు. ఆ వరసలో అన్నిటికంటే ముందు నిలబెట్టింది దీన్నే. నన్ను గొప్పగా చూడాలి అనే ఆకలి లేకపోవడం. ఆ ఆకలి ఉన్నంతకాలం మనం ఏ సేవ చేసినా కళ్లు పక్క చూపులు చూస్తూనే ఉంటాయి.

కొండ మీద పాము కరిచినప్పుడు

ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. నమ్మినా కష్టం ఎందుకొచ్చింది?

తిరుమలలో స్వామికి పూలతోట వేసి సేవ చేసేవాళ్లు కావాలని రామానుజులు శ్రీరంగంలో అడిగినప్పుడు, కొండ మీది చలికీ అడవికీ జడిసి ఎవరూ లేవలేదు. ఒక్క అనంతాళ్వాన్ లేచారు. ఆయన భార్యతో సహా కొండకి వచ్చి, పూలతోట పెంచి, నీళ్ల కోసం చెరువు తవ్వారు. మీరు తిరుమల ఆలయంలోకి వెళ్లేటప్పుడు మహాద్వారం దగ్గర గోడకి పైన ఒక గునపం వేలాడుతుంటుంది. క్యూలో తోపులాటలో చాలామంది తల ఎత్తి చూడరు. అది అనంతాళ్వాన్ గునపమే.

ఆ గునపం కథ మీలో చాలామందికి తెలుసు. నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే చూడలేక ఒక పిల్లవాడు సాయానికి వచ్చాడు. ఇది మా సేవ, నువ్వు చేయి పెట్టొద్దన్నారు అనంతాళ్వాన్. పిల్లవాడు వినకుండా సాయం చేశాడు. ఈయనకి కోపం వచ్చి గునపం విసిరితే ఆ పిల్లవాడి గడ్డానికి తగిలింది. చూస్తే గర్భాలయంలో స్వామి గడ్డం నుంచి రక్తం! ఆ గాయానికి పచ్చకర్పూరం అద్దారు. ఇవాళ్టికీ స్వామి గడ్డం మీద ఆ తెల్లని కర్పూరం కనిపిస్తుంది. పెద్దలు దీన్ని ఆ మహాత్ముడి సేవాదీక్షకి గుర్తుగా చెబుతారు. నాకు ఇందులో మనకి పనికొచ్చే హెచ్చరిక కూడా ఒకటి కనిపిస్తుంది. “ఇది నా సేవ, ఇంకొకరు ముట్టుకోవద్దు” అనుకున్న చోట స్వామే ఎదురుగా నిలబడ్డా గుర్తుపట్టలేం. అంతటివారికే ఒక క్షణం అలా అయితే, గుడిలో వాలంటీర్ బ్యాడ్జి వేసుకోగానే గొంతు మారిపోయే మన సంగతేంటి?

ఈ అనంతాళ్వాన్ గురించే ఇంకో సంఘటన ఉంది. తోటలో పని చేస్తుండగా ఆయన్ని పాము కరిచింది. పక్కనున్నవాళ్లు కంగారుపడిపోయారు, వైద్యం చేయించుకోమన్నారు. ఆయన మాత్రం నిబ్బరంగా ఉన్నారు. కరిచిన పాము బలమైనదైతే విరజా నదిలో స్నానం చేసి వైకుంఠంలో స్వామిని సేవిస్తాను, కరిపించుకున్న పాము బలమైనదైతే పుష్కరిణిలో స్నానం చేసి ఇక్కడే స్వామిని సేవిస్తాను అన్నారట. కరిపించుకున్న పాము అంటే ఆయనే! తనని తాను ఆదిశేషుడి లాంటి సేవకుడిగా అనుకుని వేసిన చమత్కారం అది. ఎటు తిరిగినా స్వామి సేవే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దీన్ని విని పాము కరిస్తే ఆసుపత్రికి వెళ్లకూడదు అనుకునేరు! తప్పకుండా వెళ్లాలి, ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. మందు వేసుకోవడం నమ్మకం లేకపోవడం కాదు. ఆ మందు కూడా ఆయన ఇచ్చిందే. కథలో పట్టుకోవాల్సింది ఆ మనిషి లోపలి నిబ్బరాన్ని.

“నాకు ఏమీ కాదు, స్వామి చూసుకుంటాడు” అని ఆయన అనలేదు. చనిపోవచ్చని ఆయనకి తెలుసు. ఆయన విశ్వాసం ఫలానా ఫలితం మీద లేదు, మనిషిని వదిలిపెట్టని స్వామి మీద ఉంది. మనలో చాలామంది విశ్వాసం అని పిలుచుకునేది నిజానికి బేరం. నేను ఇన్ని పారాయణలు చేస్తాను, నువ్వు నాకు ఈ ప్యాకేజీ ఇప్పించు. ఇస్తే హుండీలో ఇంత వేస్తాను. రాకపోతే అలుగుతాం. అడగడం తప్పని నేను అనను. బిడ్డ తల్లిని అడక్క ఎవర్ని అడుగుతుంది? అడగండి, ఏడవండి, పోట్లాడండి కూడా. కానీ అడిగింది ఇవ్వలేదని తల్లి తల్లి కాకుండా పోదు కదా!

రెండూ కలిస్తేనే శరణాగతి

మన పెద్దలు శరణాగతికి ఆరు అంగాలు చెప్పారు. అందులో ఒకటి విశ్వాసం, అంటే ఆయన తప్పకుండా రక్షిస్తాడన్న నమ్మకం. ఇంకొకటి కార్పణ్యం. తెలుగులో కార్పణ్యం అంటే మనకి పిసినారితనం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ అర్థం కాదు. “నా బలం ఒక్కటే నాకు సరిపోదు” అని నిజంగా తెలుసుకోవడం. అదే వినయం. అంటే వినయం, విశ్వాసం రెండూ ఒకే శరణాగతికి రెండు చేతుల్లాంటివి. నమస్కారం పెట్టాలంటే రెండు చేతులూ కావాలి.

ఒక చెయ్యే ఉంటే ఏమవుతుందో చూడండి. విశ్వాసం లేని వినయం కుంగుబాటు అవుతుంది. “నా బలం చాలదు” అని తెలిసింది, కానీ పట్టుకునేవాడు ఉన్నాడని తెలియదు. అలాంటప్పుడు మనిషి రాత్రిళ్లు పైకప్పు చూస్తూ పడుకుంటాడు. వినయం లేని విశ్వాసం పొగరు అవుతుంది. “దేవుడు నా పక్షమే” అనుకుని పక్కవాడి భక్తిని వెక్కిరిస్తాడు, వాడి కులాన్నో, వాడి పూజనో, వాడి మతాన్నో తక్కువ చేసి మాట్లాడతాడు. ఫోన్‌లో రోజంతా దేవుడి పేరు మీద కొట్టుకునేవాళ్లని మీరు చూస్తూనే ఉన్నారు.

రామానుజులు ఈ రెండో రోగానికి మందు చేసి చూపించారు. కావేరి స్నానానికి వెళ్లేటప్పుడు దాశరథి చేయి పట్టుకుని వెళ్లేవారట. స్నానం అయ్యాక ధనుర్దాసు భుజం మీద చేయి వేసుకుని వచ్చేవారట. ధనుర్దాసు ఒకప్పుడు మల్లయోధుడు. పుట్టుకని బట్టి జనం తక్కువగా చూసినవాడు. స్నానం చేసి వచ్చి అతన్ని ముట్టుకోవడమేంటని కొందరు గొణిగారు. అతన్ని తాకితే పుట్టుక వల్ల వచ్చిన అహంకారం పోతుందని ఆయన జవాబు. ఒంటికి పట్టిన మురికి నదిలో పోతుంది. ఆ మురికి మాత్రం తోటి మనిషి భుజం మీద చేయి వేస్తేనే పోతుంది.

మళ్లీ ఆ తమ్ముడి దగ్గరికి వద్దాం. కాసేపు మాట్లాడాక తెలిసిందేమిటంటే, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లి ఎక్కడో కూర్చుని సాయంత్రం వస్తున్నాడు. “అమ్మానాన్న బాధపడతారని” అన్నాడు. ఇలాంటివాళ్లు మన నగరాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ చాటున ఒక చిన్న “నేను” కూడా దాక్కుని ఉంది. “నేను ఓడిపోయినట్టు ఎవరికీ కనబడకూడదు” అంటుంది అది.

కార్పణ్యం అంటే ఇక్కడ ఆ తలుపు తెరవడమే. “అమ్మా, ఉద్యోగం పోయింది” అని చెప్పడం. పాత సహోద్యోగికి ఫోన్ చేసి “ఏదైనా ఖాళీ ఉంటే చెప్పు” అని అడగడం. దిగులు మరీ ఎక్కువైతే డాక్టర్‌ని కలవడం. “నా బలం ఒక్కటే చాలదు” అని స్వామి ముందు రోజూ చదువుతాం, మనుషుల ముందు మాత్రం ఆ మాట నోరు దాటదు. స్వామి రక్షించాలనుకుంటే ఆకాశం నుంచి దిగి రావాలా? అమ్మ గొంతులోనుంచి రావచ్చు, స్నేహితుడి రెఫరల్‌లోనుంచి రావచ్చు. గునపం పట్టుకున్నవాడి దగ్గరికి మట్టి మోసే పిల్లవాడిలా రాలేదూ? మన పని ఆ సాయాన్ని తోసెయ్యకుండా ఉండటమే.

ఈ వారం ఏం చేద్దాం?

వినేసి వదిలేస్తే లాభం లేదు. ఈ వారం మూడు పనులు చేద్దాం. నేనూ మీతో పాటే.

మొదటిది, ఎవరికీ తెలియని ఒక సేవ. గుడి మెట్లు తుడవండి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలకి లెక్కలు చెప్పండి, ఏదైనా సరే. ఫోటో తీయొద్దు, స్టేటస్ పెట్టొద్దు, ఇంట్లో కూడా చెప్పొద్దు. చెప్పాలని నాలుక ఎంత దురద పెడుతుందో గమనించండి. ఆ దురద పేరే అహంకారం.

రెండోది, ఎవరైనా మీ తప్పు చూపించినప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. ముందు ఒక ప్రశ్న అడగండి. “మీకు ఎక్కడ తప్పనిపించింది?” అని. అదే పరిప్రశ్న. వాళ్లు చెప్పింది విన్నాక సరైతే దిద్దుకోండి, కాకపోతే మర్యాదగా కాదని చెప్పండి.

మూడోది, దీపం పెట్టాక మొదటి ఐదు నిమిషాలు ఏమీ అడగకండి. ఊరికే కూర్చోండి. “నేను వచ్చాను స్వామీ, నువ్వున్నావు, చాలు” అనుకోండి. ఆ తర్వాత మీ లిస్టు తియ్యండి. అడగాల్సినవన్నీ అడగండి. అలా కొన్నాళ్లు చేస్తే ఆ లిస్టే నెమ్మదిగా చిన్నదవుతుంది.

ఈసారి మీరు అలిపిరి నుంచి నడిచి వెళ్తే, మోకాళ్ల పర్వతం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొండంతా స్వామి స్వరూపమే, దీన్ని పాదాలతో ఎలా తొక్కను అని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకునే చోటు అది. అక్కడ మన కాళ్లు ఎలాగూ నొప్పి పుడతాయి, ఊపిరి ఆడదు. ఎంత పెద్ద ప్యాకేజీ ఉన్నవాడైనా మోకాళ్లు పట్టుకుని వంగాల్సిందే. అలా వంగినప్పుడు పక్కన వంగి ఉన్నవాళ్లని చూడండి. అందరూ ఒకే ఎత్తులో ఉంటారు. వాళ్లలో ఎవరికైనా నీళ్లు కావాలేమో అడిగి, మళ్లీ పైకి నడవండి. స్వామి అక్కడే ఉంటాడు, ఎక్కడికీ పోడు.

వచ్చే వారం శరణాగతికి మిగిలిన నాలుగు అంగాల గురించి మాట్లాడుకుందాం.

సర్వే జనాః సుఖినో భవంతు. జై శ్రీమన్నారాయణ!